పాత బాకీల పండుగ

చదువవలసిన వాక్యభాగములు: లూకా 16:19–31, లూకా 19:1–10, యాకోబు 5:1–6.



డిసెంబరు నెల వచ్చినది. కోతలు ముగిసి ధాన్యము కల్లములనుండి కదలుచున్నది. మన యౌవనస్థులు వెదురు బద్దలతో నక్షత్రములు కట్టుచున్నారు. స్త్రీలు గుడి గోడలకు సున్నము వేయించుచున్నారు. క్యారల్సు పాడువారు ఏ రాత్రి ఏ వాడకు పోవలెనో పెద్దలు నిర్ణయించుచున్నారు. ఈ దినములలో బేత్లెహేమును గూర్చి, గొల్లలను గూర్చి, జ్ఞానులను గూర్చి ప్రతి సంవత్సరము ధ్యానించుచునే యున్నాము. ఈ నెల మాత్రము ఇంగ్లండు దేశములో పుట్టిన ఒక చిన్న కథను మీ యెదుట పెట్టి, దానిని వాక్యపు వెలుగులో చూడగోరుచున్నాము. కథ పరదేశపుదే గాని, అందులోని మనిషి మన ఊరివాడే.

1. ఈ పుస్తకము మాకు దొరికిన విధము

మా సంఘములోని ఒక యౌవనస్థుడు ఉస్మానియా విశ్వవిద్యాలయములో చదువుచు, దాని ప్రక్కనున్న విద్యానగర్‌లో మరి ముగ్గురితో కలిసి ఒక గదిలో ఉంటున్నాడు. పోయిన సంవత్సరము డిసెంబరులో మేము తార్నాకలో ఒక పనిమీద పోయి, ఆ కుమారుని కూడ చూచి రావలెనని విద్యానగర్ చేరితిమి. ఆ సాయంకాలము అతడు మమ్మును విశ్వవిద్యాలయపు చెట్ల నీడల రోడ్డు మీదుగా ఆర్ట్స్ కాలేజి వరకు నడిపించెను. 1918లో స్థాపింపబడిన ఆ విశ్వవిద్యాలయములో, 1939లో ప్రారంభమైన ఆ రాతి భవనము ఎదుట నిలిచినప్పుడు, మా తాతలకు బడి గడప దాటు భాగ్యము లేకపోయెను గదా, నేడు మా వాడ బిడ్డ ఈ మెట్లెక్కుచున్నాడు గదా అని దేవుని స్తుతించితిమి.

తిరిగి వచ్చి గది దగ్గర ఒక హోటలులో టీ త్రాగుచుండగా, గ్లాసులు కడుగుచున్న ఒక పిల్లవాడు మా కంటబడెను. పన్నెండేండ్లు ఉండునేమో. చలికి వాని వ్రేళ్లు తెల్లగా నానియుండెను. "ఏ ఊరు బాబూ?" అని అడిగితిమి. వాడు యజమాని వైపు చూచి, ఏమియు చెప్పక గ్లాసులు తీసికొని పోయెను. ఆ చోటి పేరు విద్యానగర్, అనగా విద్యల నగరము. మాకు టీ సహింపలేదు.

అప్పుడు ఆ యౌవనస్థుడు, "అయ్యగారూ, నేను చదివే కథలో ఇట్లాంటి పిల్లవాడే ఉన్నాడు" అని చెప్పి, గదికి పోయి ఒక చిన్న పుస్తకము తెచ్చి మా చేతిలో పెట్టెను. అది చార్లెస్ డికెన్సు వ్రాసిన 'క్రిస్మస్ క్యారల్'. సెమినరీ దినములలో ఆ పేరు వినియుంటిమి గాని చదువలేదు. ఊరికి తిరిగివచ్చిన తరువాత రెండు రాత్రులలో దానిని ముగించితిమి. మూడవ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఎందుకో ముందు చెప్పుదుము.

2. గ్రంథకర్త

డికెన్సు 1812లో పుట్టెను. ఆయన తండ్రి అప్పులు తీర్చలేక 1824లో లండనులోని మార్షల్సీ అను చెరసాలలో వేయబడెను. ఆ దినములలో అప్పు తీర్చనివానిని చెరలో ఉంచుట ఆ దేశపు చట్టము. అప్పటికి పన్నెండేండ్ల వాడైన చార్లెసు బడి మాని, బూట్ల నల్లరంగు తయారుచేయు ఒక కర్మాగారములో సీసాలకు కాగితములు అంటించు పనికి కుదిరెను. వారమునకు ఆరు షిల్లింగుల కూలి. ఈ సంగతి పెద్దవాడైన తరువాత ఆయన దాదాపు ఎవరికిని చెప్పుకొనలేదు. మరువను లేదు.

1843లో గనులలోను కర్మాగారములలోను పనిచేయు పిల్లలను గూర్చి పార్లమెంటువారికి సమర్పింపబడిన నివేదికను ఆయన చదివెను. ఆ సంవత్సరమే లండనులో దిక్కులేని పిల్లలకొరకు నడుచుచున్న ఒక బడిని పోయి చూచెను. పేదవాని బిడ్డ పక్షమున ఒక కరపత్రము వ్రాయవలెనని మొదట తలంచెను. తరువాత, కరపత్రముకంటె కథ గట్టి దెబ్బ కొట్టునని యెంచి, దాదాపు ఆరు వారములలో ఈ పుస్తకమును ముగించెను. అది 1843 డిసెంబరు 19న వెలువడెను. మొదట అచ్చువేసిన ఆరువేల ప్రతులు క్రిస్మసు ముందటి దినమునకే అమ్ముడుపోయెను.

క్యారల్ అనగా క్రిస్మసు పాట గనుక ఆయన తన కథలోని అయిదు అధ్యాయములకు సంగీతములోని మాటను పేరుగా పెట్టెను. అవి అయిదు చరణములని మనము చెప్పుకొనవచ్చును. డికెన్సు కొన్ని సంవత్సరముల తరువాత తన పిల్లలకొరకు యేసుప్రభువు చరిత్రను సులువైన మాటలలో వ్రాసి, దానిని ఇంట్లోనే ఉంచుకొనెను. ఆయన 1870లో మరణించెను. ఆ పుస్తకము 1934 వరకు అచ్చుకాలేదు.

3. కథ

లండనులో స్క్రూజ్ అను ఒక ముసలి వర్తకుడు ఉండెను. అప్పులిచ్చి రాబట్టుట ఆయన వ్యాపారము. ఆయన జతగాడు మార్లీ ఏడేండ్ల క్రిందట సరిగా క్రిస్మసు ముందటి రాత్రి చనిపోయెను. ఆయన దగ్గర బాబ్ క్రాచిట్ అను గుమాస్తా వారమునకు పదిహేను షిల్లింగుల జీతముతో పనిచేయుచుండెను. బొగ్గుల పెట్టె స్క్రూజ్ తన గదిలోనే పెట్టుకొనును గనుక, గుమాస్తా చలికి ఒక్క బొగ్గు దగ్గర కూర్చుండి, కొవ్వొత్తి మంటకు చేతులు కాచుకొనును. ఆ పుస్తకము వెల అయిదు షిల్లింగులు. దానిని కొనవలెనంటే, ఆ కథలోని గుమాస్తాకు వారపు జీతములో మూడవవంతు పోవును.

క్రిస్మసు ముందటి దినమున స్క్రూజ్ మేనల్లుడు వచ్చి పండుగకు పిలిచెను. మేనమామ కసిరి పంపెను. ఇద్దరు పెద్దమనుష్యులు బీదలకొరకు చందా అడుగ వచ్చిరి. చెరసాలలు లేవా, అనాథలకు పనిశాలలు లేవా అని స్క్రూజ్ అడిగెను. అక్కడికి పోవుటకంటె చచ్చుట మేలని అనేకులు తలంచుచున్నారని వారు చెప్పగా, చచ్చినయెడల జనాభా తగ్గునని జవాబిచ్చెను. 1834లో చేయబడిన చట్టము ప్రకారము సహాయము కోరు పేదలను పనిశాలలలో చేర్చి, భార్యాభర్తలను, తలిదండ్రులను పిల్లలను వేరుచేయుచున్న కాలమది. గుమాస్తాకు పండుగనాడు సెలవిచ్చుట తన జేబు కొట్టుటయే అని కూడ స్క్రూజ్ సణిగెను.

ఆ రాత్రి మార్లీ భూతము అతనికి కనబడెను. దాని నడుమునకు ఒక పొడుగైన గొలుసు చుట్టుకొని యుండెను. ఆ గొలుసు దేనితో చేయబడినది? డబ్బు పెట్టెలు, తాళములు, చెవులు, లెక్కల పుస్తకములు, దస్తావేజులు. తాను బ్రదికినన్నాళ్లు తానే దానిని ఒక్కొక్క కొండి చేర్చి చేసికొంటినని మార్లీ చెప్పెను. తరువాత ముగ్గురు ఆత్మలు వరుసగా వచ్చి స్క్రూజ్‌ను తీసికొనిపోయిరి.

మొదటిది గడచిన క్రిస్మసులను చూపెను. సెలవులలో అందరు పిల్లలు ఇండ్లకు పోగా బడిలో ఒంటరిగా మిగిలిన చిన్న స్క్రూజ్, వానిని ఇంటికి తీసికొనిపోవుటకు పరుగెత్తుకొని వచ్చిన చెల్లెలు, పనివారిని బిడ్డలవలె చూచుకొనిన మంచి యజమాని ఫెజ్జివిగ్, ధనము నీకు విగ్రహమాయెనని చెప్పి విడిచిపోయిన కన్య, వీరందరిని అతడు చూచెను.

రెండవది నేటి క్రిస్మసును చూపెను. క్రాచిట్ ఇంట ఒక్క బాతును అందరు పంచుకొనుచున్నారు. చిన్న కుమారుడు టిమ్ కుంటివాడు. చేతిలో ఊతకర్ర, కాళ్లకు ఇనుప కడ్డీలు. గుడిలో జనులు తన్ను చూచినయెడల, కుంటివారిని నడిపించిన ప్రభువు పండుగనాడు వారికి జ్ఞాపకము వచ్చును గదా అని ఆ బిడ్డ తండ్రితో చెప్పెనట. చివరకు ఆ ఆత్మ తన అంగీ మడతలలోనుండి ఎండిపోయిన ఇద్దరు పిల్లలను చూపెను. మగపిల్లవాని పేరు అజ్ఞానము, ఆడపిల్ల పేరు లేమి. ఇద్దరిలోను పిల్లవాని విషయమే ఎక్కువ జాగ్రత్తపడుమని హెచ్చరించెను.

మూడవది రాబోవు క్రిస్మసును చూపెను. ఒక ధనికుడు చచ్చెను. ఏడ్చువాడు లేడు. పనివారు అతని మంచపు తెరలు కూడ దొంగిలించి అమ్ముకొనుచున్నారు. అతనికి అప్పుపడియున్న ఒక బీద దంపతులు ఆ మరణవార్త విని, గడువు దొరికినదని లోలోపల సంతోషించి, ఆ సంతోషమునకు తామే సిగ్గుపడుచున్నారు. క్రాచిట్ ఇంట చిన్న టిమ్ కూర్చుండు చోటు ఖాళీ. చివరకు సమాధి రాతిమీద స్క్రూజ్ తన పేరునే చదువుకొనెను.

కన్ను తెరచేసరికి క్రిస్మసు ఉదయము. ఇంకను సమయమున్నది! అతడు క్రాచిట్ ఇంటికి పెద్ద టర్కీ కోడిని పంపెను. చందా అడిగిన పెద్దమనిషిని వీధిలో కలిసికొని, చెవిలో ఒక మొత్తము చెప్పెను. గుడికి పోయెను. మేనల్లుని ఇంట భోజనము చేసెను. మరునాడు గుమాస్తాకు జీతము పెంచెను. టిమ్ చావలేదు. స్క్రూజ్ వానికి రెండవ తండ్రివలె ఉండెనని చెప్పి రచయిత కథ ముగించెను.

4. భూతములను గూర్చి ఒక మాట

ఈ కథను మీకు చెప్పినప్పుడు కొందరు, "అయ్యగారూ, చచ్చినవారు వచ్చి మాటలాడుదురా?" అని అడుగుదురు. మన ఊళ్లలో దయ్యముల భయము ఇంకను పోలేదు గనుక తేటగా చెప్పుచున్నాము. ఇది కల్పిత కథ. చచ్చినవారియొద్ద విచారించుట వాక్యము నిషేధించిన పని (ద్వితీయోపదేశకాండము 18:10–12). డికెన్సు సోదె చెప్పలేదు, ఉపమానము చెప్పెను.

అయితే లూకా 16వ అధ్యాయము తెరచి చూడుడి. అక్కడను ఒక ధనవంతుడున్నాడు. వాని వాకిట లాజరు పడియున్నాడు. చచ్చిన తరువాత ఆ ధనవంతుడు, బ్రదికియున్న తన అయిదుగురు సహోదరులయొద్దకు లాజరును పంపుమని అబ్రాహామును వేడుకొనెను. మృతులలోనుండి ఒకడు పోయినయెడల వారు మారుమనస్సు పొందుదురని వాని తలంపు. అబ్రాహాము ఒప్పుకొనలేదు. మోషేయు ప్రవక్తలును వారికున్నారు, వారి మాట విననివారు మృతులలోనుండి ఒకడు లేచినను నమ్మరు అనునదే ఆయన జవాబుయొక్క భావము.

డికెన్సు కథలో మార్లీ వచ్చెను. సువార్తలో ఎవడును పంపబడలేదు. ప్రియులారా, మన ఇంటికి మార్లీ రాడు. డిసెంబరు 24 రాత్రి ఎవరును గొలుసులు ఈడ్చుకొనుచు మన తలుపు తట్టరు. మోషే మాట మన అలమారులో ఉన్నది. యాకోబు పత్రిక మన చేతిలో ఉన్నది. అది చాలదని చెప్పువానికి ఏ భూతమును చాలదు.

5. చెవిలో చెప్పిన మాట

ఇప్పుడు ఈ పాఠముయొక్క ముఖ్యసంగతికి వచ్చితిమి. ఈ కథ చదివి అనేకులు, క్రిస్మసునాడు బీదలకు దానము చేయవలెనను నీతి మాత్రము గ్రహించి పుస్తకము మూయుదురు. మేమును మొదట అట్లే చేసితిమి. రెండవసారి చదివినప్పుడు ఒక చిన్న మాట మమ్మును పట్టుకొనెను. వీధిలో ఆ పెద్దమనిషి అంత మొత్తమా అని ఆశ్చర్యపడగా, స్క్రూజ్ ఏమి చెప్పెను? అందులో చాల పాత బాకీలు చేరియున్నవని చెప్పెను.

పాత బాకీలు! తాను ధర్మము చేయుచున్నానని అతడు అనుకొనలేదు. అంతవరకు తన కలము ఇతరుల బాకీలే వ్రాసెను. ఆ ఉదయము మొదటిసారి తానే బాకీదారుడని తెలిసికొనెను. ధర్మము చేయువాడు పైనుండి క్రిందికి చేయి చాపును. బాకీ తీర్చువాడు తల వంచుకొని తీర్చును. ఈ రెండింటికి ఎంత భేదము!

ఇది క్రొత్త బోధ కాదు. కూలివాని కూలి తెల్లవారువరకు మనయొద్ద ఉండకూడదని మోషే ఆజ్ఞాపించెను (లేవీయకాండము 19:13). వాడు బీదవాడు, దానిమీదనే ఆశపెట్టుకొనియున్నాడు గనుక సూర్యుడు అస్తమింపకమునుపే ఇయ్యవలెనని మరల చెప్పెను (ద్వితీయోపదేశకాండము 24:14, 15). పొలము కోసినవారికి ఇయ్యక బిగబట్టిన కూలి మొఱ్ఱపెట్టుచున్నదని యాకోబు వ్రాసెను (యాకోబు 5:4). కూలికి నోరున్నదని వాక్యము చెప్పుచున్నది! అది ప్రభువు చెవులలో పడుచున్నది. నెహెమ్యా దినములలో యూదులు తమ సహోదరులకే వడ్డీకి అప్పిచ్చి, వారి పొలములను బిడ్డలను పట్టుకొనగా, ఆయన సభ కూర్చి వాటిని తిరిగి ఇప్పించెను (నెహెమ్యా 5:1–13).

జక్కయ్యను చూడుడి. అతడును స్క్రూజ్ వలెనే లెక్కలవాడు. ప్రభువు అతని ఇంట దిగినప్పుడు, ఆస్తిలో సగము బీదలకు ఇచ్చెదననియు, అన్యాయముగా తీసికొనినదానికి నాలుగంతలు తిరిగి చెల్లింతుననియు లేచి చెప్పెను. సగము ఈవి, నాలుగంతలు బాకీ. ఈవి ఇచ్చి బాకీ మరచిపోలేదు.

ఇక్కడ మన సంఘములు ఒక భేదము తెలిసికొనవలెను. స్క్రూజ్ సమాధి రాయి చూచి వణకెను. ఫెజ్జివిగ్‌ను టిమ్‌ను చూచినప్పుడే అతని హృదయము కొంత మెత్తబడెను గాని, అతని కడవరకు తరిమినది భయమే. జక్కయ్యను తరిమినవాడు లేడు. ప్రభువు చెట్టు క్రింద నిలిచి, పేరు పెట్టి పిలిచి, నేడు నీ ఇంట ఉండవలెనని చెప్పెను. అతిథి ముందు వచ్చెను, బాకీ తరువాత తీరెను. బాకీలు తీర్చి రక్షణ కొనుక్కొనుటకు మనవల్ల కాదు. రక్షకుడు ఇంటికి వచ్చిన తరువాత పాత లెక్కల పుస్తకము మూసియుంచుటయు మనవల్ల కాదు. క్రిస్మసు అనగా ఆయన మన ఇంటికి వచ్చుటయే గదా!

6. మెదకులో ఒక క్రిస్మసు

ఇట్టి సంగతి మన తెలంగాణలో రాతిలో వ్రాయబడియున్నది. వెస్లియన్ మెథడిస్టు మిషనరీయైన చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు మెదకులో పనిచేయుచుండగా ఈ ప్రాంతమును కరవు పట్టెను. ఆకలిగొన్న జనులకు ఆయన ఊరకే గంజి పోసి పంపలేదు. గుడి కట్టు పని పెట్టి, పనిచేసిన వారికి ఆహారము దొరుకునట్లు చేసెను. అట్లు లేచిన ఆ దేవాలయము 1924 డిసెంబరు 25న, అనగా క్రిస్మసు దినముననే ప్రతిష్ఠింపబడెను. దాని పొడవు రెండు వందల అడుగులు, వెడల్పు నూరు అడుగులు, గోపురము ఎత్తు నూట డెబ్బదియైదు అడుగులు. 2024 క్రిస్మసుకు దానికి నూరేండ్లు నిండెను.

మీలో అనేకులు అక్కడికి పోయి, రంగు అద్దములలోని క్రీస్తు జననపు చిత్రమును తలెత్తి చూచియుందురు. ఇకమీదట పోయినప్పుడు తల వంచి ఆ రాళ్లను కూడ చూడుడి. ఆకలితో వచ్చినవారు తమ చెమటకు బదులు అన్నము తీసికొని, తల ఎత్తుకొని ఇంటికి పోయిన గురుతులవి. పనికి తగిన ఫలము ఇచ్చుట కూడ ఆరాధనలో ఒక భాగమని ఆ గుడి చెప్పుచున్నది.

7. మా ఒప్పుకోలు

మూడవ రాత్రి మాకు నిద్ర పట్టలేదని వ్రాసితిమి. కారణము చెప్పక ఈ పాఠము ముగించుట న్యాయము కాదు.

మా గుడి ఊడ్చి, దీపములు తుడిచి, గంట కొట్టు ఒక విధవరాలున్నది. ఆమె జీతము ఆరు సంవత్సరములుగా ఒక్కటే. బియ్యము ధర పెరిగెను, నూనె ధర పెరిగెను, ఆమె జీతము పెరుగలేదు. ఆమె అడుగలేదు, మేము తలంచలేదు. ఆ పుస్తకము మా చేతికి వచ్చుటకు ముందటి సంవత్సరము, పండుగకు రంగుల దీపములు, క్రొత్త మైకు, గోడలకు రంగు అనుచు ఖర్చు పెరిగెను. పెట్టెలో డబ్బు చాలలేదు. ఆమెకు రెండు నెలల జీతము నిలిచిపోయెను. పండుగకు నాలుగు దినముల ముందు ఆమె మా ఇంటి అరుగు దగ్గర నిలిచి, "అయ్యగారూ, మనుమరాలికి ఒక గౌను కొనాలె. నా పైసలు ఇప్పిస్తరా?" అని అడిగెను. పండుగ కానిమ్మని చెప్పితిమి. ఆమె మారు మాటాడక పోయి, ఆ సాయంకాలము గుడి కడిగెను.

క్రిస్మసునాడు మేము సత్రములో స్థలము లేకపోవుటను గూర్చి ప్రసంగించితిమి. చాల బాగుగా ఉన్నదని పెద్దలు చెప్పిరి. ఆమె తలుపు దగ్గర కూర్చుండి వినెను. ఆ జీతము ఆమెకు అందినది శ్రమకాలపు దినములలో.

విద్యానగర్ హోటలులోని యజమానిమీద మాకు ఎంత కోపము వచ్చెనో మీకు చెప్పితిమి. పుస్తకము ముగించిన తరువాత ఆ కోపము తిరిగి మా మీదికే వచ్చెను. స్క్రూజ్ లండనులో లేడు. మా పేరుతో మా గుడిలో ప్రసంగించుచున్నాడు.

పెద్దలను సమకూర్చి సంగతి ఒప్పుకొంటిమి. ఒకరిద్దరు ఇది మన గుడికి భారమగునని చెప్పిరి. చివరకు అందరు సమ్మతించిరి. పండుగకు ముందే ఆమె జీతము పెంచి, గడచిన సంవత్సరములకు తోచినంత లెక్కకట్టి, దీనికి బహుమానమని పేరు పెట్టకూడదని తీర్మానించి, బాకీ అని రిజిస్టరులో వ్రాసి ఇచ్చితిమి. ఆమె నోట్లు లెక్కపెట్టి కొంగున ముడివేసికొని, "పిల్ల వాళ్ల అమ్మ దగ్గరికి పోయింది అయ్యగారూ. పోయిన పండుగకు ఉండె" అని చెప్పి, చీపురు తీసికొని లోపలికి పోయెను.

స్క్రూజ్‌కు సమయము మిగిలెను, టిమ్ బ్రదికెను. మాకు బాకీ తీర్చుటకు మాత్రము సమయము మిగిలెను. గడచిన పండుగను తిరిగి ఇచ్చుటకు మాకు శక్తి లేదు. అందుచేతనే సూర్యుడు అస్తమింపకమునుపే అని మోషే చెప్పెనని ఇప్పుడు గ్రహించుచున్నాము.

8. మనకు పాఠము

మన సంఘములలో అధికులు కూలి చేసికొని బ్రదుకువారే. ఈ కథ వినినప్పుడు ప్రతివాడును నేను క్రాచిట్‌ను అనుకొనును. అది నిజమే. మన పితరులు వెట్టి చేసిరి, జీతములుండిరి. వెట్టిచాకిరిని రద్దుచేయు చట్టము 1976లో వచ్చెను. ఆ కష్టము మన ఎముకలకు తెలియును. అయితే దేవుడు మనలో కొందరికి భూమి ఇచ్చెను, కొందరికి ఉద్యోగము ఇచ్చెను. నేడు మనకును కూలివారున్నారు. ఒకని దగ్గర క్రాచిట్ అయినవాడు సాయంకాలము ఇంటికి వచ్చి మరియొకనికి స్క్రూజ్ కావచ్చును.

నాటు వేసిన స్త్రీలకు కూలి ఎన్ని దినములు నిలిపితిమి? చిట్టీ పాడుకొన్న పొరుగువానియొద్ద నూటికి ఎంత మిత్తి తీసికొనుచున్నాము? మన ఇంట గిన్నెలు తోమునామె పండుగనాడు తన పిల్లల దగ్గర ఉండునా, మన విందు దగ్గర ఉండునా? నేను చచ్చితినని వినినయెడల గడువు దొరికినదని ఊపిరి పీల్చుకొను దంపతులు ఈ ఊరిలో ఉన్నారా?

అజ్ఞానము, లేమి అను ఆ ఇద్దరు పిల్లలను కూడ మరువరాదు. ఆరు మొదలు పదునాలుగేండ్ల బిడ్డలందరికి ఉచిత విద్య హక్కని 2009లో మన దేశము చట్టము చేసెను. 2016లో పదునాలుగేండ్ల లోపు పిల్లలను పనికి పెట్టుకొనుట, ఇంటివారికి బడి వేళల తరువాత చేయు సాయము వంటి కొన్నిటిని తప్పించి, నిషేధింపబడెను. చట్టము కంటె ముందే, ప్రొఫెసరు శాంతా సిన్హా గారును ఎం. వి. ఫౌండేషనువారును 1991 మొదలు రంగారెడ్డి జిల్లా గ్రామములలో పనిలోనున్న పిల్లలను బడికి తెచ్చిరి. 2003లో ఆమెకు రామన్ మెగసెసే పురస్కారము వచ్చెను. బీద తలిదండ్రులు పిల్లలను బడికి పంపరను మాట నిజము కాదని ఆ పని చూపెను. ప్రభువు ఒక చిన్నబిడ్డను తీసికొని శిష్యుల మధ్య నిలువబెట్టెను (మార్కు 9:36). క్రాచిట్ ఇంట టిమ్‌ను పోగొట్టుకొన్న రాత్రి అన్న చదువుచున్న వాక్యము కూడ అదియే. మన క్రిస్మసు నాటకములో దేవదూత వేషము వేయు బిడ్డ జనవరిలో బడిలో ఉండునా, పత్తి చేనులో ఉండునా అని సంఘము అడుగవలెను.

ఆ మొదటి క్రిస్మసు వార్త ఎవరికి వచ్చెను? రాత్రివేళ పొలములో మంద కాయుచున్నవారికి (లూకా 2:8). ఇతరులు నిద్రించుచుండగా మేలుకొని పనిచేయువారికి. వారి కూలి నిలిపి వారి పాట పాడుట ఎట్లు?

బలిపీఠమునొద్ద కానుక తెచ్చినవాడు, తనమీద సహోదరునికి ఏమైన విరోధము కలదని జ్ఞాపకము వచ్చినయెడల, కానుక అక్కడనే విడిచి ముందు వానితో సమాధానపడవలెనని ప్రభువు సెలవిచ్చెను (మత్తయి 5:23, 24). గనుక ఈ సంవత్సరము ఇట్లు చేయుదము. క్రిస్మసు కానుక కవరులో డబ్బు పెట్టుటకు ముందు, కుటుంబమంతయు దీపము దగ్గర కూర్చుండి, మనము ఎవరికి బాకీపడియున్నామో ఒక కాగితముమీద వ్రాయుదము. 24వ తేదీ సూర్యుడు అస్తమింపకమునుపే అది తీర్చుదము. తరువాత మిగిలినదే కానుక. పెట్టెలో రూపాయలు తగ్గవచ్చును. తగ్గనిండు. ఆ పండుగనాడు మన ఊరిలో ఎన్ని పొయ్యిలు వెలుగునో ప్రభువు లెక్కించును.

కుటుంబ ప్రార్థనలో మాటలాడుకొనవలసిన ప్రశ్నలు

1. స్క్రూజ్ తాను ఇచ్చినదానిని దానము అనక బాకీ అని ఎందుకు చెప్పెను?
2. జక్కయ్య ఏ సమయమున తన బాకీలను తలంచెను? ప్రభువు అతని ఇంటికి రాకముందా, వచ్చిన తరువాతనా?
3. మార్లీ గొలుసులో ఉన్న వస్తువులు ఏవి? మన గొలుసులో చేరుచున్న కొండి ఏది?
4. మన గుడిలో పనిచేయువారికి సంఘము న్యాయముగా ఇచ్చుచున్నదా? ఈ ప్రశ్న మీ పాస్టరుగారిని అడుగుటకు భయపడకుడి.

ప్రార్థన

మా ఇంటికి దిగివచ్చిన ప్రభువా, మేము తీర్చలేని మా బాకీని నీవు సిలువమీద తీర్చితివి. మేము తీర్చగల బాకీలను దాచుకొనకుండ మాకు సహాయము చేయుము. ఎవరి కూలి నీ చెవులలో మొఱ్ఱపెట్టుచున్నదో వారి పేరు ఈ రాత్రి మాకు జ్ఞాపకము చేయుము. సమయముండగానే మమ్మును లేపుము. ఆమేన్.